కాశీనగర్ రోడ్డులో అతిథి రాత్రి: ముందు గంట కోసం వెళ్ళండి, మైకుకి దూరంగా కూర్చోండి

ముందే చెప్పేస్తాను, ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ తగ్గిన ఒకటీ మైకు సెట్టు ఖాతాలో రాసుకోండి.

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో భజన సమాజం వాళ్ళు నెలకొకసారి బయటి కళాకారుణ్ణి పిలిచి రాత్రి కచేరీ పెడుతున్నారు. దాన్నే అతిథి రాత్రి అంటున్నారు. పర్లాకిమిడిలోనూ పాతపట్నంలోనూ సంగీతం మీద ఇష్టం ఉన్నవాళ్ళ చెవిన ఈ మాట ఈపాటికి పడే ఉంటుంది. వెళ్ళొచ్చా, బాగుంటుందా, ఆడవాళ్ళని తీసుకెళ్ళొచ్చా, తిరిగి రావడానికి బండి దొరుకుతుందా అని నన్ను చాలామంది అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకేచోట రాసేస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయడం లేదు, సమాజం పెద్దాయన అడిగి మరీ వద్దన్నారు. "పేరెట్టేస్తే జనం ఎగబడిపోతారు బాబూ, మా దగ్గర జంపఖానాలు నాలుగే ఉన్నాయి" అన్నారాయన. కావలసినవాళ్ళు పర్లాకిమిడిలో తాళాలు, డోలక్కులు అమ్మే కొట్లలో అడగండి, దారి చెప్తారు.

స్థలం అంటే రామమందిరం ముందున్న రేకుల షెడ్డు, సిమెంటు గచ్చు. మూడు వైపులా తెరిచే ఉంటుంది, నాలుగో వైపు గుడి గోడ. ఎండాకాలం గాలి బాగా ఆడుతుంది, వర్షాకాలంలో రేకుల మీద చినుకు పడితే మీ పక్కవాడి మాట కూడా మీకు వినపడదు. సమాజం ఆస్తి మూడు హార్మోనియంలు, ఒక మృదంగం, తబలా జత, డోలక్కు, ఒడియా కీర్తనలకి వాడే మట్టి ఖోలు, ఒక గంపెడు తాళాలూ చిడతలూ, ఇంకా ఒక పాత అకార్డియన్. ఈ అకార్డియన్ ఇక్కడికెలా వచ్చిందో ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు. ఒకాయన పెళ్ళి బ్యాండు వాళ్ళు అప్పు కింద వదిలేశారంటాడు, ఇంకొకాయన ఏదో చర్చి సామాన్ల వేలంలో కొన్నామంటాడు. చాలాకాలం అది పరదా గుడ్డలో చుట్టి అటక మీద ఉంది. ఎలక తిత్తి కొట్టేసింది కూడా. ఇప్పుడది మోగుతోంది, ఆ సంగతి తర్వాత.

సమాజంలో తెలుగిళ్ళూ ఒడియా ఇళ్ళూ రెండూ ఉన్నాయి. చందాల లెక్క ఒడియాలో రాస్తారు, పాటల పుస్తకం తెలుగులో ఉంటుంది. పిల్లలు మాత్రం బడిలో నేర్చుకున్న ఒడియా లిపిలోనే రామదాసు కీర్తనలు నోటు పుస్తకాల్లో రాసుకుంటారు, చూసి తప్పులేకుండా తెలుగులో పాడతారు. బయటివాళ్ళకిది వింతగా ఉంటుంది గానీ మా వైపు ఇదంతా మామూలే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, రైలు దారిలో దీని ముందు స్టేషనైన పాతపట్నం ఇటు ఆంధ్రా వైపు ఉండిపోయింది. మేనరికాలూ భజన బృందాలూ ఆ గీతని అప్పుడూ పట్టించుకోలేదు, ఇప్పుడూ పట్టించుకోవడం లేదు.

రాత్రి మొత్తం మూడు భాగాలుగా నడుస్తుంది. మొదట ఊరి వంతు, అంటే సమాజం వాళ్ళూ, పక్క ఊళ్ళ నుంచి వాద్యం పట్టుకొచ్చిన ఎవరైనా తలా ఒకటో రెండో పాడతారు, వాయిస్తారు. తర్వాత అతిథి వంతు, మధ్యలో టీ. చివర అతిథీ ఊరివాళ్ళూ కలిసి రెండు మూడు కీర్తనలు, మంగళహారతి, అయిపోయింది. ఏడింటికి మొదలని బోర్డు మీద రాస్తారు, అది నమ్మొద్దు, ఎనిమిదవుతుంది. అలాగని ఎనిమిదికి వెళ్తే ఎప్పుడో ఒకసారి నిజంగానే ఏడింటికి మొదలైపోయి ఉంటుంది, కాబట్టి ఏడున్నరకి చేరండి.

నన్నడిగితే వెళ్ళాల్సింది ఊరి వంతు కోసమే. అతిథి ఎవరో చూసుకుని బయల్దేరే జనం తొమ్మిదింటికి వచ్చి కుర్చీలు వేయించుకుంటారు, అప్పటికి అసలు సరుకు అయిపోయి ఉంటుంది.

ఎందుకంటే హార్మోనియం మాస్టారు. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు పౌరాణిక నాటకాల బృందాలతో శ్రీకాకుళం జిల్లా అంతా తిరిగారు. నాటకాల హార్మోనిస్టుకి ఉండే విద్య వేరు. పద్యం ఎత్తుకునే నటుడు ఏ శృతిలో ఎత్తుకుంటాడో వాడి మొహం చూసి కనిపెట్టాలి, వాడు రాగం తీస్తూ ఎక్కడికెళ్ళినా వెనకాలే వెళ్ళాలి, ఊపిరి అందక ఆగితే ఆ ఖాళీని తను నింపాలి. మాస్టారు ఇప్పుడు ఆ పనే ఊళ్ళో పిల్లలకి చేస్తున్నారు. ఎనిమిదో తరగతి పిల్ల నాలుగు శృతిలో మొదలుపెట్టి చరణంలో ఐదుకి జారిపోతే, ఆయన మొహం చిట్లించరు, పిల్లని ఆపరు, మెల్లగా తనే మెట్లు మార్చేసి పిల్ల ఎక్కడుంటే అక్కడికి చేరిపోతారు. తప్పు జరిగిందని పాడినవాళ్ళకే తెలీదు. పక్కన కూర్చుని ఆయన ఎడంచేతిని చూడండి, తిత్తి ఎంత సన్నగా కొడతారంటే చెయ్యి కదుల్తున్నట్టే ఉండదు.

ఇక్కడ వాద్యం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ అకార్డియన్ రాత్రి గురించి నేను రాసేది అర్థం కాదు. రెండూ ఒకే జాతి వాద్యాలు, రెండింటి లోపలా ఉండేది సన్నటి లోహపు నాలుకలే, వాటినే రీడ్లంటారు, గాలి తగిలితే అవి వణికి స్వరం పలుకుతుంది. అకార్డియన్‌కి 1829లో వియన్నాలో పేటెంటు తీసుకున్నారు, హార్మోనియంకి 1842లో పారిస్‌లో. ఆ పారిస్ పెట్టె కాళ్ళతో తొక్కేది, కుర్చీ వేసుకు కూర్చుని వాయించాలి. నేల మీద కూర్చుని ఒక చేత్తో కొట్టుకునే మన పెట్టె తర్వాత కలకత్తాలో తయారైంది. తేడా ఏమిటంటే మన పెట్టెలో బయటి తిత్తి కొట్టిన గాలి ముందు లోపల స్ప్రింగులున్న ఇంకో తిత్తిలో నిలవవుతుంది, అక్కణ్ణుంచి రీడ్లకి వెళ్తుంది, అందుకే మీరు చెయ్యి ఆపినా కాసేపు స్వరం నిలుస్తుంది, భజనకి అదే కావాలి. అకార్డియన్‌లో అలాంటి నిలవ లేదు. తిత్తి లాగినా నొక్కినా గాలి సూటిగా రీడు మీదకే పోతుంది, ఒక్కో స్వరానికి లాగడానికో నాలుక, నొక్కడానికో నాలుక ఉంటాయి. మోచెయ్యి ఎంత విసురుగా కదిపితే స్వరం అంత విసురుగా వస్తుంది. భుజం బెదిరితే పాట కూడా బెదురుతుంది.

ఇప్పుడు అతిథులు. నేను విన్నవాటిలో గుర్తున్నవి చెప్తాను, అన్నీ చెప్తే తెల్లారిపోతుంది.

బరంపురం నుంచి ఒక పెద్దాయన వచ్చారు, పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాకి అకార్డియన్ వాయించి రిటైరైన మనిషి. అటక మీద పెట్టెని బాగు చేసింది ఆయనే. రెండు నెలల ముందే వచ్చి పట్టుకెళ్ళి, తిత్తికి కొత్త తోలు వేసి, రీడ్లు పట్టి ఉంచే మైనం ఎండిపోయి రాలిపోతే మళ్ళీ పోసి, కుడిచేతి వైపు నలభై ఒక్క మెట్లూ పలికేలా చేసి తెచ్చారు. ఎడంచేతి వైపు నూట ఇరవై బొత్తాల్లో కొన్ని మాత్రం ఇంకా మూగవేనట. ఆ బొత్తాల వరస చూసి మా పిల్లలు కళ్ళు తేలేశారు, ఆయనేమో చూడకుండానే నొక్కుతున్నారు. ఒకడు ఉండబట్టలేక అడిగాడు, తాతా నీకెలా తెలుస్తోంది అని. ఆయన వాడి వేలు పట్టుకుని ఒక బొత్తం మీద పెట్టి రుద్దించారు, దానికి చిన్న గుంట ఉంది. అది సి బొత్తం, దాని పైదీ కిందదీ పంచమం లెక్కలో ఉంటాయి, ఇల్లు దొరికితే వీధి దొరికినట్టే అన్నారు. వాడు ఆ రాత్రంతా ఆయన పక్కనుంచి లేవలేదు.

ఆ రాత్రి ఊరి వంతులో మైకు కీచుమంటూనే ఉంది. మైకు అబ్బాయికి ఒక జబ్బుంది, ప్రతి పాటకీ ఎకో పెడతాడు. రేకుల షెడ్డుకి తనదైన మోత ఉండనే ఉంది, దాని మీద ఇతని ఎకో, ఇక హార్మోనియం రెండు వరసల రీడ్లూ కలిసి ఒకటే గుయ్యిమని తోస్తాయి తప్ప స్వరం విడిగా వినపడదు. పెద్దాయన రెండు పాటలు అలాగే భరించారు. మూడో పాట మధ్యలో కరెంటు పోయింది. మా వైపు కరెంటు పోవడం వార్త కాదు, జనం ఫోన్ల లైట్లు వేశారు, ఎవరో ఇన్వర్టర్ అంటున్నారు, ఆయన మాత్రం ఆగలేదు. వాయిస్తూనే లేచి నిలబడి పెట్టెతో సహా జనం మధ్యకి నడిచి వచ్చేశారు. పది కిలోల బరువుంటుంది అది, ఆ వయసులో.

అప్పుడు తెలిసింది ఆ వాద్యం గొంతేమిటో. గట్టిగా లాగితే షెడ్డు చివర నిలబడ్డవాళ్ళకి కూడా చక్కగా అందుతోంది, సన్నగా నొక్కితే ముందు వరస వాళ్ళు వంగి వింటున్నారు. రెండేసి రీడ్లని కావాలనే ఒక వెంట్రుకవాసి తేడాతో శృతి చేస్తారు, అవి రెండూ కలిసి మోగినప్పుడు స్వరంలో చిన్న అల పుడుతుంది, మైకులో అది వణుకులా వినపడింది, విడిగా వింటే ఒళ్ళు జలదరించింది. మాస్టారు ఉండబట్టలేక తన పెట్టె ముందుకి లాక్కుని షడ్జమం పట్టారు. తర్వాత ఎవరూ ముందుగా అనుకోని జుగల్‌బందీ ఒకటి నడిచింది. సినిమా పాటల మెట్లు, రామదాసు, మధ్యలో ఒక ఒడియా జణాణ (దేవుడికి మొరపెట్టుకునే పాట), దేని తర్వాత ఏదో నాకిప్పుడు వరస గుర్తులేదు. నలభై నిమిషాలకి కరెంటు వచ్చింది, మైకు అబ్బాయి పరిగెత్తుకెళ్ళి స్విచ్చేశాడు, జనం "ఆపరా బాబూ" అని ఒకటే అరుపు.

ఇంత జరిగాక కూడా తర్వాతి నెల మళ్ళీ అదే మైకు, అదే ఎకో. సమాజం వాళ్ళని అడిగితే, ఆ సెట్టు ఒక దాత ఇచ్చారు, వాడకపోతే బాధపడతారు అంటారు. దాత బాధపడకూడదు సరే, వినేవాళ్ళ సంగతేమిటి? వంద మంది కూడా పట్టని షెడ్డు అది. తిత్తి కొట్టే వాద్యానికి, సన్నాయికి, డప్పుకి మైకు పెట్టడం ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. పాడేవాళ్ళకి ఒకటి పెట్టండి, వాద్యాలని వదిలేయండి.

విజయనగరం వైపు నుంచి ఒకావిడ వయొలిన్ వాయించడానికి వచ్చారు. 1919లో మొదలైన ఆ ఊరి సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు, అందుకని విజయనగరం వయొలిన్ అనగానే మా వైపు పెద్దవాళ్ళు కండువా సర్దుకుని కూర్చుంటారు. ఆవిడ మొదట్లోనే చాలా మర్యాదగా, పక్కన హార్మోనియం వద్దండి, తంబూరా పెట్టె చాలు అన్నారు. షెడ్డంతా ఒక్క క్షణం బిగుసుకుపోయింది, మాస్టారు ముందు ఆ మాటా అని. కారణం ఉంది లెండి. హార్మోనియంలో స్వరాలు మెట్లకి కట్టేసి ఉంటాయి, రెండు మెట్ల మధ్య జారడానికి దారి లేదు, కర్ణాటక సంగీతంలో గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చడం, అంతా ఆ మధ్యలోనే ఉంటుంది. ఈ కారణంతోనే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంని బయటికి పంపేసింది, 1971లో గానీ మళ్ళీ రానివ్వలేదు. మాస్టారు ఏమీ అనలేదు, పెట్టె మూత వేసి తాళాలు చేతిలోకి తీసుకుని ఆవిడ పక్కన కూర్చుని గంటన్నర తాళం వేశారు, ఒక్క దెబ్బ తప్పలేదు. చివర కలిసి పాడే వంతు వచ్చినప్పుడు ఆవిడే, "గురువుగారూ, ఇప్పుడు మీ పెట్టె తీయండి, నేను మీ వెనకాల వస్తాను" అన్నారు. అప్పుడు చూడాలి ఆయన మొహం.

పర్లాకిమిడిలోనే పుట్టిన గోపాలకృష్ణ పట్నాయక్ (1784–1862) పదాలు పాడడానికి ఒక ఒడిస్సీ (ఒడిశా శాస్త్రీయ సంగీతం) గాయకుణ్ణి పిలిచారు ఇంకోసారి. రాధాకృష్ణుల పదాలు అవి, ఒడియాలో ఎంత పేరంటే ఒడిస్సీ పాడేవాళ్ళెవరికీ అవి లేకుండా కచేరీ నడవదు. మనలో చాలామందికి మాత్రం ఆయన మన ఊరివాడని తెలీదు. త్యాగరాజు కాలంవాడే, వయసులో పదిహేడేళ్ళు చిన్న. గాయకుడు మంచి గొంతే, కానీ ప్రతి పదానికీ ముందు పది నిమిషాల ఉపన్యాసం, అదీ భువనేశ్వర్ పుస్తకాల ఒడియాలో. తెలుగువాళ్ళు సరే, ఒడియావాళ్ళే ఆవలించారు. అయితే ఒక పదం ఎత్తుకోగానే వెనక వరసలో కూర్చున్న ముసలమ్మ, తెలుగింటి ఆవిడ, ఇంట్లో ఒడియా రాదు అని అందరికీ తెలిసిన మనిషి, మొత్తం పదం ఆయనతో పాటు పాడేసింది. ఎక్కడ నేర్చావమ్మా అంటే, "మా అత్తగారు దంపుడు దగ్గర పాడీది నాయనా, అర్థం నాకేటి తెలుస్తాది" అంది. ఆ గాయకుడు ఉపన్యాసాలు ఆపేసి మిగిలినవన్నీ ఆవిడ వైపు తిరిగి పాడాడు.

నాకు నచ్చని రాత్రి కూడా ఉంది. ప్రహ్లాద నాటకం బృందం నుంచి గాహకుడు, అంటే పుస్తకం పట్టుకుని కథ నడిపించే ప్రధాన గాయకుడు, ఇద్దరు వాద్యగాళ్ళతో వచ్చాడు. గంజాం వైపు బాగా పేరున్న నాటకం అది, జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ పేరు మీద ఉంది, ఆ జలంత్రకోట ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద, హిరణ్యకశిపుడు ఆ మెట్లెక్కి దిగుతూ గర్జిస్తుంటే, రాత్రి తెల్లవార్లూ చూడాల్సిన ఆట. దాన్ని వేషం లేకుండా, మెట్లు లేకుండా, గంటలో ముగించమంటే ఏం మిగులుతుంది? గాహకుడి గొంతులో కర్ణాటక రాగాల పోకడ మాత్రం అద్భుతం, ముఖవీణ (చిన్న సన్నాయి) కూడా. అయినా పులిహోర అంతా తీసేసి చింతపండు పులుసొక్కటే చేతిలో పోసినట్టుంది. ఆ బృందాన్ని పూర్తి ఆటకే పిలవాలి, సమాజానికి అంత డబ్బు లేకపోతే పిలవకూడదు.

డబ్బు అంటే గుర్తొచ్చింది. ఊరివాళ్ళకి ఉచితం, బయటివాళ్ళ దగ్గర 50 రూపాయలు తీసుకుంటారు. టీ అందులోనే. మధ్యలో పళ్ళెం తిప్పుతారు, అందులో పడ్డది మొత్తం అతిథికే వెళ్తుంది, లెక్క అక్కడే అందరి ముందూ చదువుతారు, ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. ఇంకా లక్కీ డ్రా ఉంటుంది, చీటీ పది రూపాయలు, ఆ డబ్బుతో వాద్యాల రిపేర్లు చేయిస్తారు. బహుమతులు పలాస జీడిపప్పు ప్యాకెట్టు, అరటిపళ్ళ చెయ్యి, ఒకసారి బతికున్న కోడిపుంజు. పుంజు గెలిచినాయన దాన్ని ఒళ్ళో పెట్టుకునే మిగతా కచేరీ విన్నాడు, అది తారస్థాయి వచ్చినప్పుడల్లా మెడ పైకెత్తేది.

తిండి విషయంలో ఫిర్యాదు లేదు. మందిరం పక్క బడ్డీలో వేడివేడి గారెలు, ఘుగునీ (బఠాణీల కూర), మరమరాల్లో ఉల్లిపాయ పచ్చిమిర్చి కలిపి పొట్లం కట్టిస్తారు. టీ మాత్రం పాకం, చక్కెర తక్కువ అని ముందే చెప్పండి.

ఇప్పుడు తిట్లు. మైకు తర్వాత నా రెండో కోపం సన్మానాల మీద. అతిథికి శాలువా కప్పడం వరకూ సరే, కానీ ఆ నెల ఊరికొచ్చిన ప్రతి పెద్దమనిషికీ కప్పుతారు, వాళ్ళలో ఒక్కరూ రెండు ముక్కలతో సరిపెట్టరు, ఒకరు పాడతానని మైకు లాక్కుంటారు. ఆ సమయం ఎక్కణ్ణుంచి కోస్తారంటే మహిళా బృందం వంతులోంచి. కోలాటం, మంగళహారతులు అంత చక్కగా తయారుచేసుకొచ్చిన పన్నెండు మందికి చివరికి పది నిమిషాలు మిగుల్తుంది, అదీ జనం చెప్పులు వెతుక్కునేటప్పుడు. వాళ్ళలో ఒకావిడని అడిగితే "మాకలవాటే లెండి" అంది. అలవాటు కాకూడదు. వాళ్ళని మొదట పెట్టండి, పెద్దమనుషుల్ని చెప్పులు వెతుక్కునేటప్పుడు మాట్లాడమనండి.

ఇంకొకటి, రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. డప్పు వాయించే వాళ్ళని పిలిచిన రాత్రి వాళ్ళు షెడ్డు బయట, రోడ్డు మీద నిలబడి వాయించారు. అడిగితే డప్పు లోపల మోత ఎక్కువైపోతుంది, మంట వేసి తోలు వేడిచేసుకోవాలి కదా అని కారణాలు చెప్పారు. మంట సంగతి నిజమే, తోలు బిగుసుకోవాలంటే కాచుకోవాలి. కానీ కాచుకున్నాక లోపలికి రావొచ్చు కదా, పళ్ళెం లెక్క చదివేటప్పుడైనా జంపఖానా మీద కూర్చోవచ్చు కదా. సవర కుర్రాళ్ళు కొండల మీంచి వాద్యాలు పట్టుకుని వచ్చినప్పుడు లోపలే కూర్చోబెట్టారు, భోజనం కలిసే పెట్టారు, అంటే మార్చగలరు. సమాజంలో కుర్రవాళ్ళు ఈ మాట మీద పెద్దవాళ్ళతో వాదిస్తున్నారని విన్నాను. వాళ్ళ వైపే నేను.

దోమలు విపరీతం, ఓడోమాస్ రాసుకుని వెళ్ళండి. బాత్రూం మందిరం వెనక ఒకటే ఉంది, దానికి లైటు లేదు, ఆడవాళ్ళు ఊళ్ళో ఎవరింటికైనా వెళ్ళడం మేలు, అడిగితే ఎవరూ కాదనరు, కాఫీ కూడా ఇస్తారు. పిల్లల్ని నిరభ్యంతరంగా తీసుకెళ్ళండి, వాళ్ళు ఏడ్చినా పరిగెత్తినా ఎవరూ కసురుకోరు. ఫోన్లో వీడియో తీసుకోవచ్చు గానీ ఊరి వంతులో చిన్నపిల్లలు పాడేటప్పుడు వాళ్ళ అమ్మానాన్నల్ని ఒక మాట అడగండి.

వాద్యం ఏదైనా వచ్చినవాళ్ళు తప్పకుండా పట్టుకెళ్ళండి. పేరు ముందే ఇవ్వక్కర్లేదు, వెళ్ళగానే తాళాల గంప దగ్గర కూర్చునే సెక్రటరీకి చెప్తే వరసలో వేస్తారు. వేణువు వాళ్ళకో మాట, మాస్టారి పెట్టె మామూలు శృతి కన్నా కాస్త పైకి ఉంటుంది, పాత పెట్టె, రీడ్లు గీకి గీకి అలా అయింది. ఒకటే వేణువు తెచ్చుకుంటే శృతి కలవక ఇబ్బంది పడతారు, నాలుగైదు సైజులు తెచ్చుకోండి. వయొలిన్, మాండలిన్ వాళ్ళకి ఈ బాధ లేదు, తీగ బిగించుకుంటే సరిపోతుంది. కొత్తవాళ్ళు తడబడితే ఎవరూ నవ్వరు, పైగా మాస్టారు వెనకాల ఉంటారు.

నెలల సంగతి. కార్తీకంలో అతిథి రాత్రి ఉండదు, ఆ నెలంతా రోజూ భజనే. చైత్రంలో దండనాట (మొక్కుగా ఆడే జానపద నాట్యం) సందడి ఉంటుంది, జనం అటే పోతారు, సమాజం వాళ్ళు కూడా. వర్షాకాలం వెళ్ళొద్దు, రేకుల మోత ఒకటి, చెమ్మకి రీడ్లు పట్టేసి సగం మెట్లు పలకకపోవడం ఒకటి. అకార్డియన్‌ని అయితే ఆ మూడు నెలలూ బియ్యం డబ్బా పక్కన గుడ్డలో చుట్టి దాచేస్తారు. పుష్యం నుంచి ఫాల్గుణం దాకా మంచి రోజులు, చలికి దుప్పటి పట్టుకెళ్ళండి.

దారి మాట చెప్పి ఆపేస్తాను. ఆంధ్రా వైపు నుంచి వచ్చేవాళ్ళు నౌపడా–గుణుపూర్ లైనులో పర్లాకిమిడిలో దిగడం సులువు. 1900లో పర్లాకిమిడి రాజావారు ముందు పర్లాకిమిడి దాకా చిన్న పట్టాల మీద వేయించిన లైను, ఇప్పుడు బ్రాడ్ గేజ్. స్టేషను నుంచి వెళ్ళేటప్పుడు షేర్ ఆటోలు దొరుకుతాయి. రాత్రి తిరిగి రావడానికి ఏమీ దొరకదు, అందుకని వెళ్ళిన ఆటో అతన్నే కచేరీకి ఉండమనండి, వెయిటింగ్ చార్జీ ముందే మాట్లాడుకోండి. నన్ను తీసుకెళ్ళే అతను మొదట్లో వెయిటింగ్‌కి రెండొందలు అడిగేవాడు, ఇప్పుడు ఊరి వంతులో చిడతలు వేస్తున్నాడు, వందే తీసుకుంటున్నాడు.